మార్ఫిన్ బీరువా తాళం రాత్రిపూట ఎవరి దగ్గర ఉంటుంది? హాస్పిస్‌లకు సాయం చేసే దాతలకు బహిరంగ లేఖ

గుంటూరు, విజయవాడ సేవా సంఘాల పెద్దలకు, దాతలకు నమస్కారం.

ఈ ఏడాది మీలో కొందరు కలిసి, చివరి దశ రోగులను చూసుకునే ఒక చిన్న హాస్పిస్‌కి పెద్ద మొత్తంలో సాయం చేయాలనుకుంటున్నారని, ఎవరికివ్వాలో తేల్చడానికి ముందు రెండు జిల్లాల్లోని చిన్న కేంద్రాలను చూసి రమ్మని ఒక కమిటీ వేశారని తెలిసింది. చాలా సంతోషం. కమిటీ వెంట తీసుకెళ్లే ఫారం కూడా నా కంటపడింది. పడకలెన్ని, స్థలం ఎన్ని గజాలు, భవనం సొంతమా అద్దెదా, ఆడిట్ అయిందా, విరాళాల మీద పన్ను మినహాయింపుకు 80జీ ఉందా, పోయినేడు లబ్ధిదారులెందరు అని అందులో గళ్లున్నాయి. చివర్లో పరిశుభ్రత గురించి ఒక గడి: బాగుంది, పర్వాలేదు, బాగాలేదు.

ఇవన్నీ అడగాల్సినవే. లెక్కలు చూపించలేని చోట డబ్బు పెట్టమని ఎవరూ చెప్పరు. మన రాష్ట్రంలో 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా చూడండి, ఆ గడి మీ ఫారంలో లేదు. అయితే ఈ ఫారం మొత్తం నింపినా, అక్కడ మంచం మీదున్న మనిషికి నొప్పి తగ్గుతోందా లేదా అన్నది మాత్రం తెలియదు. హాస్పిస్ ఉన్నదే దానికోసం.

నేను ముందు క్యాన్సర్ వార్డులో, తర్వాత ఒక చిన్న హాస్పిస్‌లో, ఇళ్లకు వెళ్లి చూసే బృందంలో పనిచేసిన నర్సుని. ఒక కేంద్రాన్ని పొగడటానికో ఇంకోదాన్ని దించడానికో ఇది రాయట్లేదు, అందుకే ఎవరి పేరూ రాయను. మీరు వేసే ఒక్కో ప్రశ్న వల్ల అక్కడ పని తీరు మారుతుందని తెలిసి రాస్తున్నాను. దాతలు పాలరాయి గురించి అడిగితే పాలరాయి పరుస్తారు. నొప్పి గురించి అడిగితే నొప్పి రాసి పెట్టడం మొదలుపెడతారు.

ముందు కేస్‌షీట్ల సంగతి. మీరు వెళ్లగానే ఎవరైనా రోగుల ఫైళ్లు తెచ్చి మీ ముందు పెడితే, అది మంచి గుర్తు కాదు. రోగి వివరాలు బయటివాళ్లకు, దాతలకైనా సరే, అలా చూపించకూడదు. మీ వెంట పాలియేటివ్ కేర్ (నొప్పినీ బాధనూ తగ్గించే వైద్యం) తెలిసిన డాక్టరునో నర్సునో తీసుకెళ్లండి. పేరు, ఊరు, ఫోన్ నంబరు కనబడకుండా మూసి, ఈమధ్య చనిపోయిన ముగ్గురి కేస్‌షీట్లు వాళ్లను చదవమనండి. ఆ ముగ్గురిని కేంద్రం వాళ్లు ఎంచి ఇవ్వకూడదు, వరసలో చివరి ముగ్గురివి తీయాలి. చదవడం కూడా వెనక నుంచి ముందుకు చదవాలి. ఆఖరి రోజు ఏం జరిగింది, దాని ముందు రోజు రాత్రి ఏం రాశారు, అంతకు ముందు ఏం చూశారు, ఇలా.

మంచి కేస్‌షీట్‌లో నొప్పికి ఒక కొలత ఉంటుంది. సున్నా నుంచి పది దాకా అంకె అడగడం మామూలు పద్ధతి. మన పల్లెల నుంచి వచ్చే పెద్దవాళ్లలో చాలామంది అలా చెప్పలేరు. రూపాయికి ఎంత తగ్గింది అని అడిగితే మాత్రం టక్కున చెప్తారు. "పావలా తగ్గిందమ్మా, ముప్పావలా అట్టాగే ఉంది" అని తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నాతో అనేది. ఆ ముప్పావలా కూడా కేస్‌షీట్ ఎక్కాలి. మందు ఇచ్చాక గంటకో గంటన్నరకో మళ్లీ అడిగి, అదీ రాయాలి. "నొప్పి ఉంది, మందు ఇచ్చాము" అని రాసి అక్కడితో ఆపేశారంటే ఆ తర్వాత ఏమైందో ఎవరూ చూడలేదని అర్థం. పగటి డ్యూటీలో నొప్పి రాసి ఉండి, రాత్రి డ్యూటీ మొత్తం "నిద్రపోతున్నారు" అని ఒకే చేతిరాతతో నిండి ఉంటే, దాన్ని కూడా అనుమానించండి.

ఇక మార్ఫిన్. ఈ మాట వినగానే మీలో కొందరికి టెన్షన్ వస్తుందని తెలుసు. క్యాన్సర్ ముదిరినప్పుడు వచ్చే నొప్పికి నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ మాత్ర ప్రపంచమంతా వాడే మందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే క్యాన్సర్ నొప్పికి మెట్లమెట్లుగా ఏ మందు వాడాలో చెప్పింది, గట్టి నొప్పికి మార్ఫినే ఆ మెట్లలో పైది. మామూలు మాత్ర పనిచేసేది సుమారు నాలుగు గంటలు. కాబట్టి నొప్పి వచ్చినప్పుడు కాదు, నాలుగు గంటలకోసారి టైమ్ ప్రకారం ఇవ్వాలి. మధ్యలో నొప్పి ఎగదన్నితే వేయడానికి అదనపు డోసు రాసి ఉండాలి. నొప్పికి తగ్గట్టు కొద్దికొద్దిగా పెంచుతూ ఇస్తే ఊపిరి ఆగిపోతుందనో మత్తుకు బానిసవుతారనో భయపడాల్సిన పనిలేదు.

చట్టబద్ధంగా గసగసాల పంట వేసి నల్లమందు తీసే అతి కొద్ది దేశాల్లో మనదొకటి. అయినా మన రోగులకు మార్ఫిన్ అందక ఏళ్ల తరబడి అల్లాడారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద ఆ మాత్ర తెచ్చి పెట్టుకోవాలంటే రకరకాల శాఖల లైసెన్సులు కావాల్సి వచ్చేది, ఒకటి వచ్చేలోగా ఇంకోదాని గడువు తీరిపోయేది. 2014లో చట్టం సవరించాక ఆ బాధ తప్పింది. ఇప్పుడు రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ నుంచి గుర్తింపు పొందిన వైద్య సంస్థ అనిపించుకుంటే చాలు. కాబట్టి "లైసెన్సు దొరకట్లేదండీ" అని ఏ కేంద్రమైనా ఇప్పటికీ అంటే, దరఖాస్తు ఎప్పుడు పెట్టారు, ఎక్కడ ఆగింది అని అడగండి. నిజంగా ఆగి ఉంటే మీలాంటి పెద్దలు ఒక్కసారి వెళ్లి మాట్లాడితే పని జరుగుతుంది. డబ్బు కంటే అదే పెద్ద సాయం కావచ్చు.

గుర్తింపు ఉన్న చోట రిజిస్టర్ ఉంటుంది. అందులో నిల్వ సున్నా అయిన రోజులున్నాయా చూడమనండి. మన దేశపు పాలియేటివ్ కేర్ నిపుణులు 2014లో ప్రచురించిన కనీస ప్రమాణాల పట్టీలో, తప్పనిసరిగా ఉండాల్సిన వాటిలో ఒకటి నోటి మార్ఫిన్ తెగకుండా దొరకడం. చిన్న కేంద్రాలు తమను తామే చూసుకోవడానికి పనికొచ్చే పట్టీ అది. మీరు చూసే కేంద్రానికి దాని సంగతి తెలుసో లేదో అడగండి. తెలిసి ఉండి, ఫలానా ఫలానావి మా దగ్గర ఇంకా లేవు అని చెప్పిన కేంద్రాన్ని నేనైతే ఎక్కువ నమ్ముతాను.

ఇంకో పరీక్ష చెప్తాను, చాలా సులువు. మార్ఫిన్ రాసిన ప్రతి చీటీలో విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా ఉందా? మార్ఫిన్ వేసుకునే దాదాపు ప్రతి ఒక్కరికీ మలబద్ధకం వస్తుంది, మిగతా ఇబ్బందుల్లా కొన్నాళ్లకు సర్దుకునేది కాదు. ఆ మందు రాయకపోతే వారానికల్లా రోగి కడుపుబ్బరంతో, వికారంతో, అన్నం సహించక, "ఈ మాత్ర నాకొద్దు" అంటాడు. మాత్ర మానేస్తాడు. నొప్పి తిరగబెడుతుంది. ఇంట్లోవాళ్లు మార్ఫిన్ పడలేదనుకుంటారు. పడనిది మార్ఫిన్ కాదు, దాంతోపాటు రాయాల్సిన మందు రాయకపోవడం. శిక్షణ పొందిన డాక్టరు చేతిరాత ఏదో, పొందనివాళ్లదేదో ఈ ఒక్కదానితో తెలిసిపోతుంది.

ఇప్పుడు పైన పెట్టిన ప్రశ్నకు వస్తాను. నేలంతా పాలరాయితో మెరిసే ఒక కేంద్రం నాకు తెలుసు. గోడల మీద దాతల పేర్లు, ఫ్యాన్ల రెక్కల మీద కూడా దాతల పేర్లు. మార్ఫిన్‌కి గుర్తింపు ఉంది, రిజిస్టర్ ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. రాత్రి ఎనిమిది దాటాక మాత్రం ఆ బీరువా తాళం మేనేజరుగారి ఇంట్లో ఉండేది, ఆయన ఇల్లు ఊరికి ఆ చివర. రాత్రి డ్యూటీలో ఒక ఆయా, గేటు దగ్గర వాచ్‌మన్. గర్భసంచి క్యాన్సర్‌తో ఉన్న ఒకామె అర్ధరాత్రి నుంచి మంచం చట్టం పట్టుకుని కూర్చుని, తెల్లారి తాళం వచ్చేదాకా అలాగే ఉంది. పొద్దున నేను చూసేసరికి ఆమె అరచేతుల్లో చట్టం గీతలు పడి ఉన్నాయి. బీరువాలో మాత్రలున్నాయి. ఆమెకు అవసరమైనప్పుడు లేవు. మేనేజరుగారు దుర్మార్గుడు కాదు, మాత్రలు తగ్గితే కేసవుతుందేమోనని భయపడ్డ మనిషి. ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. అందుకే మిమ్మల్ని అడగమంటున్నాను: రాత్రి తాళం ఎవరి దగ్గర ఉంటుంది? శిక్షణ ఉన్న నర్సు ఆ వేళ ఇక్కడే ఉంటారా? డాక్టరు ఫోన్ ఎత్తుతారా, ఎత్తకపోతే రెండో నంబరు ఎవరిది? ఇళ్లలో ఉన్న రోగులకు రాత్రి ఎవరిని పిలవాలో రాసిచ్చారా?

నొప్పి అంటే ఒంటి నొప్పి ఒక్కటే కాదు. లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ స్థాపించిన సిసిలీ సాండర్స్ నర్సుగా మొదలుపెట్టి, సోషల్ వర్కర్‌గా పనిచేసి, తర్వాత డాక్టరీ చదివిన మనిషి. ఒంటి బాధ, మనసు బాధ, ఇంటి బాధ, దేవుడితో పేచీ అన్నీ కలిసిందే నొప్పి అని ఆవిడ చెప్పింది. మా వార్డులో ఎంత డోసు పెంచినా రాత్రుళ్లు మూలిగే ఒకాయన ఉండేవాడు. ఆటో ఫైనాన్స్ వాళ్లు కొడుకుని పట్టుకున్నారన్నది ఆయన బాధ. మా సోషల్ వర్కర్ వెళ్లి వాయిదాల సంగతి మాట్లాడి వచ్చాక అదే డోసుతో నిద్రపోయాడు. కాబట్టి కేస్‌షీట్‌లో ఇంటి సంగతులు రాసే చోటు ఉందా, ఉంటే ఖాళీగా ఉందా నిండిందా చూడమనండి.

మీ ఫారంలో లబ్ధిదారుల సంఖ్య అడిగారు. కొందరు దాతలు ఇంకో అడుగు ముందుకేసి ఎంత శాతం మంది సంతృప్తిగా ఉన్నారని అడుగుతారు. చిన్న కేంద్రాల విషయంలో ఈ శాతాలను నమ్ముకోవద్దు. నెలకు ఇరవై మంది వచ్చే చోట ఒక్క మనిషి జవాబు మారితే ఐదు శాతం మారిపోతుంది. పోయిన నెల తొంభై, ఈ నెల ఎనభై అంటే సేవ దిగజారినట్టు కాదు, ఇద్దరు మనుషుల తేడా. అమెరికాలో ప్రభుత్వం 2015 నుంచి హాస్పిస్‌ల మీద రోగుల కుటుంబాలతో సర్వే చేయిస్తోంది, అక్కడ కూడా ఏడాదికి యాభై మంది కన్నా తక్కువ అర్హులున్న చిన్న హాస్పిస్‌లు మినహాయింపు కోరవచ్చు. అంత తక్కువ మందితో తీసే సగటుకు విలువ ఉండదు. ఇరవై మంది ఉన్న చోట ఇరవై కథలూ వినొచ్చు. చిన్న కేంద్రాన్ని చూసేటప్పుడు మీకున్న అవకాశం ఇదే, దీన్ని వదులుకుని అంకెల వెంట పడొద్దు.

ఆ సర్వేలో నాకు నచ్చిన సంగతి ఇంకోటుంది. మనిషి పోయిన వెంటనే కుటుంబాన్ని అడగరు, రెండు నెలల తర్వాత అడుగుతారు. మన దగ్గర డిశ్చార్జి రోజునో, శవాన్ని బండి ఎక్కించేటప్పుడో పుస్తకం ముందుకు తోసి "మీ అభిప్రాయం రాయండి" అంటారు. ఆ వేళ ఎవరైనా ఏం రాస్తారు? "దేవుళ్లలా చూసుకున్నారు" అనే రాస్తారు. పైగా ఉచితంగా చూసినచోట తప్పు చెప్పడానికి మనవాళ్లకు నోరు రాదు, కృతఘ్నులమవుతామని భయం. పెద్దకర్మ అయిపోయి, చుట్టాలు వెళ్లిపోయి, ఇల్లు సద్దుమణిగాక, ఆ కేంద్రంతో సంబంధం లేని మనిషి ఎవరైనా వెళ్లి కూర్చుని మాట్లాడాలి. సేవ బాగుందా అని అడిగితే బాగుందనే అంటారు. రాత్రి పిలిస్తే ఎవరైనా వచ్చారా, నొప్పి అన్నాక ఎంతసేపటికి మందు ఇచ్చారు, చివరి రోజుల్లో ఏం జరగబోతోందో ముందే చెప్పారా, మిమ్మల్ని ఎవరైనా విసుక్కున్నారా, ఆ ఘడియలో పక్కన ఎవరున్నారు అని అడగండి. మీకెలా ఉంది, నిద్ర పడుతోందా అని కూడా అడగండి. పోయినవాళ్ల వెనక మిగిలిన భార్యనో భర్తనో కేంద్రం మళ్లీ ఒక్కసారైనా పలకరించిందా అన్నది హాస్పిస్ పనిలో భాగమే.

వచ్చినవాళ్ల లెక్క అందరూ చెప్తారు. కేంద్రం రానివ్వని వాళ్ల లెక్క మీరు అడగండి. ఎవరెవరికి పడక లేదన్నారు, ఎందుకు లేదన్నారు? పుండులో పురుగులు పడ్డవాళ్లను, గొంతుకి రంధ్రం పెట్టినవాళ్లను, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లను, వెంట ఉండటానికి మనిషి లేనివాళ్లను తీసుకుంటున్నారా? తేలికపాటి రోగులను మాత్రమే తీసుకుంటే ఏ వార్డయినా శుభ్రంగానే ఉంటుంది. పరిశుభ్రత గడిలో "బాగుంది" అని రాసేముందు ఇది గుర్తుంచుకోండి. చెంపకో రొమ్ముకో వచ్చే క్యాన్సర్ పుండు పగిలితే వచ్చే వాసన మామూలుది కాదు. దానికి ఖరీదైన వైద్యం కూడా అక్కర్లేదు. రోజూ కడిగి, మెట్రోనిడజోల్ మాత్రలు పొడిచేసి చల్లి కట్టు కడితే కొద్ది రోజుల్లో వాసన తగ్గుతుంది, మనవడు మళ్లీ దగ్గరికొచ్చి కూర్చుంటాడు. ఆ పని చేయకుండా రోగిని వెనక గదిలోకి మార్చి హాలంతా ఫినాయిల్ కొట్టిన చోటు కూడా మీ కంటికి శుభ్రంగానే కనబడుతుంది. మంచం పుండ్ల గురించి అడిగినప్పుడు కూడా, వచ్చేటప్పటికే ఉన్నదా ఇక్కడ పడిందా అని విడదీసి అడగండి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పిన చార్టు రాత్రి కూడా నిండి ఉండాలి.

సెలైన్ గురించి ఒక మాట. మన ఊళ్లలో సెలైన్ బాటిల్ వేలాడుతుంటేనే వైద్యం జరుగుతున్నట్టు. "ముద్ద దిగట్లేదు, కనీసం సెలైనైనా ఎక్కించండి, ఆకలితో చంపేస్తారా" అని కొడుకులు కోప్పడతారు. ఆఖరి రోజుల్లో ఒళ్లు నీటిని ఇముడ్చుకోలేదు. ఎక్కించిన నీళ్లు కాళ్లలో వాపుగా, గొంతులో గురకగా, ఊపిరితిత్తుల్లో ఆయాసంగా తేలతాయి. పెదాలు తడపడం, నోరు శుభ్రం చేయడం, తల పక్కకు తిప్పి పడుకోబెట్టడం, ముఖానికి గాలి తగిలేలా ఫ్యాను పెట్టడం అప్పుడు చేయాల్సినవి. ఇవి చేయడం ఎవరైనా నేర్చుకోవచ్చు. ఆ కొడుకుని పక్కకు కూర్చోబెట్టి, విసుక్కోకుండా, అతని చేత్తోనే తడిగుడ్డతో తల్లి పెదాలు తడిపించి, "నువ్వు చేయాల్సింది చేస్తున్నావు నాయనా" అని చెప్పగలిగినవాళ్లు ఉన్నారా లేదా అన్నదే అసలు తేడా. గొడవెందుకులే అని బాటిల్ తగిలించేసే కేంద్రాలు చాలా ఉన్నాయి.

రోగికి నిజం చెప్పే విషయం కూడా అంతే. క్యాన్సరని అమ్మకు చెప్పొద్దండీ అని మన కుటుంబాలు కాళ్లావేళ్లా పడతాయి. చెప్పి తీరాలని పట్టుబట్టడం తప్పు, చచ్చేదాకా దాచి అబద్ధాలాడటమూ తప్పే. ఆవిడ ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటోందో ఆవిడనే అడగాలి. వెంటిలేటర్ పెట్టొద్దని ముందే రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది, 2023లో ఆ పద్ధతిని తేలిక చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం ఉంటే సరిపోతుంది. కేంద్రం ఈ సంగతి రోగులకు చెబుతోందా అడగండి.

మీలో చాలామందికి సొంత ఇళ్లున్నాయి కాబట్టి ఇంకో కారణం తట్టకపోవచ్చు. గుంటూరులో, బెజవాడలో అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు చివరి రోజుల్లో హాస్పిస్‌కి పరుగెత్తేది ఒక్కోసారి మందు కోసం కాదు. ధనిష్ఠా పంచకంలో పోతే ఇల్లు నెలల తరబడి మూసేయాలి, మా ఇంట్లో వద్దు, వేరే చూసుకోండి అని ఓనరు చెప్పేస్తాడు. అపార్టుమెంట్లలో శవాన్ని లోపలికి రానివ్వరు. కన్నతల్లిని ఎక్కడ పడుకోబెట్టాలో తెలియక ఆటోలో పెట్టుకుని తిరిగినవాళ్లను చూశాను. ఇలా వచ్చినవాళ్లను "చావడానికి వచ్చారు" అని చులకనగా చూసే చోటుకీ, మనిషి పోయాక నాలుగు గంటలు కూర్చుని ఏడవడానికి ఒక గది ఇచ్చి, వాళ్ల మతం ప్రకారం చేసుకోవాల్సింది చేసుకోనిచ్చి, మరణం నమోదుకు 21 రోజుల గడువుందని చెప్పి, కారణం రాసిన పత్రం చేతికిచ్చి పంపే చోటుకీ చాలా తేడా ఉంది. మీ సభ్యుల్లో ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లు ఉంటే, దయచేసి దీని గురించి మీ సమావేశంలోనే మాట్లాడుకోండి.

రోగులు ఎంత ఆలస్యంగా వస్తున్నారో కూడా చూడండి. ఎక్కువమంది వచ్చిన రెండు మూడు రోజుల్లోనే పోతున్నారంటే, పెద్ద ఆసుపత్రులు చేతులెత్తేశాకే పంపుతున్నాయని అర్థం. పాలియేటివ్ కేర్ ఆఖరి మజిలీ వైద్యం మాత్రమే కాదు. 2010లో అమెరికాలో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల మీద జరిగిన పరిశోధనలో, చికిత్సతో పాటు మొదటి నుంచీ ఈ సేవ అందినవాళ్లు తక్కువ బాధపడ్డారు, కొంతకాలం ఎక్కువే బతికారు. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్)లోని నాట్కో క్యాన్సర్ విభాగానికో, మంగళగిరి ఎయిమ్స్‌కో, కొత్తపేట, సూర్యారావుపేట ప్రైవేటు ఆసుపత్రులకో ఈ కేంద్రం వాళ్లు వెళ్లి డాక్టర్లతో మాట్లాడుతున్నారా? నొప్పి అదుపులోకి వచ్చి ఇంటికి తిరిగి వెళ్లినవాళ్లు ఎందరు? వాళ్లను ఇంటి దగ్గర ఎవరు చూస్తున్నారు? 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఇంట్లో మంచాన ఉన్న మనిషికి మాత్రలు అయిపోతే పడవలో ఎవరు తెచ్చిస్తారు? వానాకాలం ముందు కొన్ని రోజుల మందు అదనంగా ఇచ్చి ఉంచే ఏర్పాటు ఉందో లేదో విజయవాడ కేంద్రాలను తప్పకుండా అడగాలి.

మీ మనసు నొచ్చుకునే మాట ఒకటి చెప్పాలి, క్షమించండి. పుట్టినరోజులకు కేకులు, పండ్లు పట్టుకుని వార్డులోకి రావడం ఆపండి. మిర్చి యార్డులో బస్తాలు మోసే ముఠా పని చేసిన ఒకాయన చెంప క్యాన్సర్‌తో ఉండేవాడు. నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోదు, నీళ్లు కూడా చెంచాతో. దాతగారి కుటుంబం ఆయన చేతిలో కేకు ముక్క పెట్టి చుట్టూ నిలబడి ఫొటో తీసుకుంది. ఆయన తువ్వాలుతో చెంప కప్పుకున్నాడు. వాళ్లు వెళ్లాక నన్ను పిలిచి, ముద్ద ముద్దగా, "మా పిల్లకి సంబంధాలు చూస్తన్నారమ్మా, ఆ ఫొటో ఎక్కడా పెట్టొద్దని చెప్పు" అన్నాడు. అప్పటికే అది వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. తర్వాత ఆయన భార్య పది మందిలోకి రావడం మానేసింది. ఫొటోలు కావాలని దాతలు అడిగితే కాదనే ధైర్యం చిన్న కేంద్రాలకు ఉండదు, వచ్చే నెల కరెంటు బిల్లు మీ చేతుల్లో ఉంటుంది. ఎవరైనా ధైర్యం చేసి మిమ్మల్ని వార్డు బయటే ఆపి, ఫోన్ లోపల పెట్టమంటే కోపగించుకోకండి. ఆ కేంద్రానికి నేనైతే ఎక్కువ మార్కులు వేస్తాను.

చివరగా డబ్బు గురించి. భవనానికి, అంబులెన్సుకి, భోజనాలకి ఇచ్చేవాళ్లు దొరుకుతారు. రాత్రి నర్సు జీతానికి ఇచ్చేవాళ్లు దొరకరు, దాని మీద పేరు రాసుకోవడానికి చోటు లేదు మరి. చిన్న హాస్పిస్‌లు ఎక్కువగా కూలిపోయేది అక్కడే. ఒక్క నర్సు మీద మొత్తం నడుస్తుంటుంది. ఆమెకు జ్వరమొస్తే ఎవరూ లేరు. జీతం రెండు మూడు నెలలు ఆలస్యమవుతుంది, కార్పొరేట్ ఆసుపత్రి కాస్త ఎక్కువిస్తానంటే వెళ్లిపోతుంది, ఆమె నేర్చుకున్నదంతా ఆమెతోపాటే పోతుంది. వారంలో రెండు మూడు చావులు చూసే పిల్లలు వాళ్లు, ఏడవడానికి కూడా టైమ్ ఉండదు. జీతాలు ఏ తేదీన పడుతున్నాయో, పోయిన రెండేళ్లలో ఎంతమంది మానేశారో, శిక్షణకు ఎవరిని ఎప్పుడు పంపారో, ఎవరైనా పోయాక సిబ్బంది కూర్చుని మాట్లాడుకునే అలవాటు ఉందో లేదో అడగండి. మీరు అనుకున్న మొత్తంతో కొత్త వార్డు కట్టించే బదులు, ఏ కేంద్రాన్ని ఎంచుకున్నా సరే, ఇద్దరు రాత్రి నర్సుల జీతం మూడేళ్లకు సరిపడా బ్యాంకులో వేసి, నెలనెలా ఒకటో తారీఖున వాళ్ల ఖాతాల్లో పడేలా ఏర్పాటు చేయండి. ఏడాది తిరిగాక మళ్లీ వెళ్లి, మళ్లీ చివరి ముగ్గురి కేస్‌షీట్లు చదివించండి. ఏం కనబడిందో ముందు ఆ కేంద్రానికే చెప్పి, సరిదిద్దుకోవడానికి కొన్ని నెలలు ఇవ్వండి. తప్పు కనబడగానే సాయం ఆపేస్తే, ఇంకోసారి ఎవరూ మీకు నిజం రాసి చూపించరు.

కేస్‌షీట్లు చదవడానికి ఈ పని తెలిసినవాళ్లు మీకు దొరక్కపోతే నాకు కబురు పెట్టండి, వస్తాను. దారి ఖర్చులు కూడా వద్దు. నేను పనిచేసిన కేంద్రం మీ పట్టీలో ఉంటే మాత్రం ఆ ఒక్కదానికి వేరేవాళ్లను తీసుకెళ్లండి.

ఇట్లు,
గుంటూరు నుంచి ఒక నర్సు